పొరుగువారి నేలపై మన గోడ

ఇల్లు కొనడం మన కుటుంబాల్లో చాలామందికి జీవితంలో ఒక్కసారి మాత్రమే సాధ్యమయ్యే కార్యం. కువైట్‌లోనో సౌదీలోనో ఏళ్ళ తరబడి చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము, ఇల్లాలి నగలు, తల్లిదండ్రులు అమ్మి ఇచ్చిన అరెకరం పొలం, ఇవన్నీ కలిస్తేనే ఒక పాత పెంకుటిల్లయినా సొంతమవుతుంది. అంత కష్టపడి కొనే ఇంటి విషయంలో మనం వాస్తు అడిగేవారిని తప్పుపడతాము, వడ్డీ లేకుండా సొమ్ము సమకూర్చుకోవడానికి పాటుపడతాము, గృహప్రవేశం నాడు ఖుర్ఆన్ పారాయణం చేయిస్తాము. ఇవన్నీ మంచివే. అయితే ఈ ఇంటి గోడ నిలబడిన నేల మొత్తం అమ్ముతున్న వ్యక్తిదేనా అన్న ప్రశ్న మాత్రం చాలాసార్లు అడగకుండానే మిగిలిపోతుంది.

ఈ ప్రశ్న ఊహాజనితమైనది కాదు. కోస్తా పల్లెల్లో, పట్టణాల పాతపేటల్లో గోడలు లేచిన కాలం వేరు, కొలతలు వచ్చిన కాలం వేరు. ఒకరి వంటగది మూల పక్కవారి దొడ్డిలోకి వెళ్ళి ఉంటుంది. ఒకరి మెట్లు మరొకరి హద్దు దాటి దిగుతాయి. ఒకరి చూరు నీళ్ళు మరొకరి వాకిట్లో పడతాయి. అన్నదమ్ముల్లా మెలిగిన రెండు తరాల వారికి అది సమస్య అనిపించదు. ఇల్లు చేతులు మారిన రోజున మాత్రం అది ధర్మాధర్మాల సమస్యగా మన ముందుకు వస్తుంది. ఆ రోజున విశ్వాసి ఎలా నడచుకోవాలన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

కూచిపూడి చెప్పే పాఠం

కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి పేరు చెప్పగానే అందరికీ నాట్యం గుర్తుకు వస్తుంది. ఆ గ్రామ చరిత్రలో భూమికి, ఒక ముస్లిం పాలకునికి సంబంధించిన అధ్యాయం కూడా ఉంది. 1672 నుండి 1687 వరకు గోల్కొండను పాలించిన చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా మచిలీపట్నం వైపు పర్యటనకు వచ్చినప్పుడు ఇక్కడి భాగవతుల ప్రదర్శన చూసి, ఈ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. తన మతం కాని కళాకారులకు నేల రాసి ఇచ్చిన ఆ పాలకుణ్ణి ఆ ప్రాంతం నేటికీ కృతజ్ఞతతో తలచుకుంటుంది.

ఆ కథలో తరచుగా చెప్పని రెండవ భాగం మన విషయానికి మరింత దగ్గరిది. ఆ గ్రామ చరిత్ర రాసేవారు 1763 నాటి ఒక పంపకపు పత్రాన్ని ప్రస్తావిస్తారు. అప్పటికి కుతుబ్‌షాహీల రాజ్యం అంతరించి మూడు పావుల శతాబ్దం గడిచింది. గ్రామంలోని భాగవత కుటుంబాల భాగాలను, వారి ఇంటిపేర్లను నమోదు చేసిన పత్రమది. సుల్తాను ఇచ్చిన దానమే అయినా, ఒకే కళను నమ్ముకుని ఒకే ఊళ్ళో బతికిన కుటుంబాలే అయినా, ఎవరి భాగం ఎంతో కాగితం మీద స్పష్టపరచుకోక తప్పలేదు.

నేల ఎంత ధర్మబద్ధంగా వచ్చినా హద్దు తేల్చుకోకపోతే అది కలహానికి దారి తీస్తుంది. ప్రేమ ఉన్నప్పుడే రాసుకున్న హద్దు, ప్రేమ తగ్గిన తరువాత కూడా ఇరువర్గాలనూ కాపాడుతుంది. అప్పుల విషయంలో రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని, చిన్న మొత్తమని పెద్ద మొత్తమని విసుగు చెందవద్దని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలోని 282వ ఆయతులో అల్లాహ్ ఆదేశించడంలోని వివేకం కూడా ఇదే.

హద్దులు ఎందుకు చెదిరాయి?

మన గ్రామాల్లో పొలాలకు ఉన్నంత స్పష్టమైన కొలతలు ఇళ్ళకు లేవు. పూర్వపు సర్వేలో పొలాలను నంబర్లుగా విడగొట్టి కొలిచారు. జనం నివసించే ప్రాంతాన్ని మాత్రం చాలాచోట్ల గ్రామకంఠం అని ఒకే నంబరు కింద చూపి వదిలేశారు. అందువల్ల ఇంటి హద్దుకు ఆధారం దస్తావేజులోని చెక్కుబందీ మాత్రమే అయింది. తూర్పున ఫలానావారి గోడ, పడమర వీధి, ఉత్తరాన ఫలానావారి దొడ్డి, దక్షిణాన వేపచెట్టు అని రాసిన దస్తావేజులు నేటికీ బీరువాల్లో ఉన్నాయి. ఆ గోడ కూలిపోయింది, ఆ చెట్టు కొట్టేశారు, ఆ ఫలానావారి మనవలు హైదరాబాదులో స్థిరపడ్డారు.

డెల్టా నేల స్వభావం కూడా కొంత కారణం. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. మట్టిగోడ వాలుతుంది, మళ్ళీ కట్టినప్పుడు పునాది ఒక అడుగు అటో ఇటో జరుగుతుంది. పెంకుటిల్లు తీసి డాబా వేసేటప్పుడు చూరు పడిన చోటు దాకా మాదేనన్న లెక్కతో గోడను ముందుకు తెస్తారు. చూరు నీళ్ళు పడడానికి పక్కవారు ఇచ్చిన అనుమతి, కొన్నాళ్ళకు గోడ కట్టుకునే హక్కుగా మారిపోతుంది.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఈ తేడాను పట్టుకోదు. దస్తావేజులో రాసిన హద్దులు నేల మీద ఉన్నాయో లేవో గొలుసు పట్టి చూడడం ఆ కార్యాలయం పని కాదు. రిజిస్ట్రేషను అయిందంటే ఆ పత్రం నమోదైందని అర్థం. అమ్మినవారికి లేని హక్కు ఆ నమోదు వల్ల కొన్నవారికి పుట్టదు. పంచాయతీ ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు కూడా నేల ఎవరిదో నిరూపించవు.

ఒక ఉదాహరణ

విషయం సులభంగా అర్థం కావడానికి ఇలా ఊహిద్దాం. ఒక కుటుంబం కూచిపూడిలో అయిదు సెంట్ల స్థలంలో ఉన్న పాత ఇల్లు చూసింది. సెంటు అంటే 48.4 చదరపు గజాలు గనుక దస్తావేజులో 242 గజాలని ఉంది. బేరం కుదిరింది, బయానా ఇవ్వబోతున్నారు. ఎందుకైనా మంచిదని కొలిపిస్తే నేల మీద 252 గజాలు వచ్చింది. కొలతలో ఎక్కువ వచ్చిందని అమ్మేవారు సంతోషించారు. అయితే ఆ పది గజాలు ఆకాశం నుండి ఊడిపడలేదు. తూర్పు గోడ 45 అడుగుల పొడవునా రెండు అడుగులు పక్కవారి స్థలంలోకి జరిగి ఉంది. వంటగది, స్నానాలగది ఆ రెండడుగుల మీదే నిలిచాయి. పక్క ఇంట్లో ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉంటున్నది. ఆమె ముస్లిం కాదు. ఆమె పిల్లలు దూరప్రాంతాల్లో ఉన్నారు. ఆమె ఈ విషయం ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు ఆ కుటుంబానికి నలుగురూ నాలుగు సలహాలు ఇస్తారు. ఆమె అడగనప్పుడు మీరెందుకు కదిలిస్తారని ఒకరు. పన్నెండేళ్ళు దాటిపోయింది, చట్టం మీ వైపే ఉంటుందని ఇంకొకరు. తప్పు చేసింది పాత యజమాని, మీరు డబ్బు పోసి కొంటున్నారు, పాపం మీకంటదని మరొకరు. పది గజాలకే ఇంత ఆలోచనా అని చివరివారు. ఈ నాలుగు మాటలనూ ధర్మం ముందు నిలిపి చూద్దాం.

పది గజాలు చిన్నవా?

జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవారి మెడకు ప్రళయదినాన ఏడు భూముల మేర అది చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ నమోదు చేశాయి. ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహాబాలలో ఒకరు. ఆయన ఏ సందర్భంలో దీన్ని చెప్పారో తెలిస్తే మన విషయం మరింత స్పష్టమవుతుంది. అది కూడా పొరుగువారి హద్దు వివాదమే.

అర్వా బిన్త్ ఉవైస్ అనే స్త్రీ, సయీద్ (రజి) తన భూమిలో కొంత కలుపుకున్నారని మదీనా పాలకుడైన మర్వాన్ వద్ద ఫిర్యాదు చేసింది. ప్రవక్త (స) నోట జానెడు నేల గురించిన హెచ్చరిక విన్న తరువాత నేను ఆమె నేల తీసుకుంటానా అని సయీద్ (రజి) ప్రశ్నించారు. మర్వాన్ ఇక మీ నుండి వేరే సాక్ష్యం అడగనన్నాడు. గెలుపు చేతికి వచ్చిన తరువాత కూడా ఆయన ఆ భూమిని ఆమెకే వదిలేశారు, ఆమె అబద్ధమాడి ఉంటే అల్లాహ్ తీర్పు చేయాలని ప్రార్థించారు. ఆమె తరువాత చూపు కోల్పోయి, వాదించిన ఆ నేలలోనే బావిలో పడి మరణించిందని ముస్లిం ఉల్లేఖనంలో ఉంది. తన హక్కు ఎంత ఖచ్చితమైనదైనా నేల విషయంలో నిందను మోయడం కన్నా నేలను వదులుకోవడమే మేలనుకున్న మనిషి చరిత్ర ఇది.

హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించిన మరో హదీసులో, నేల మీది హద్దు గుర్తులను మార్చినవారిని అల్లాహ్ శపించాడని ఉంది. హద్దురాయి జరపడం ఎంత నిశ్శబ్దంగా జరిగే నేరమో ఆలోచించండి. తాళం పగలదు, రక్తం కారదు, ఎవరూ చూడరు. అందుకే కాబోలు ఆ నేరానికి అంత తీవ్రమైన మాట వచ్చింది.

పది గజాలు చిన్నవన్న మాటకు ఇదే సమాధానం. హదీసు కొలత గజం కూడా కాదు, జానెడు.

న్యాయస్థానం ఇచ్చేది, ఇవ్వలేనిది

పన్నెండేళ్ళ మాట చట్టంలో నిజంగానే ఉంది. 1963 నాటి కాలపరిమితి చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం, ఒకరి స్థిరాస్తిని మరొకరు తమదేనంటూ బాహాటంగా, అసలు యజమాని హక్కుకు విరుద్ధంగా పన్నెండేళ్ళు అనుభవిస్తే, ఆ తరువాత యజమాని వేసే దావా కాలదోషం పట్టినదవుతుంది. దీన్నే ప్రతికూల స్వాధీనం అంటారు. పక్కవారి అనుమతితో వాడుకున్న స్థలానికి ఇది వర్తించదు, రుజువు చేయడమూ తేలిక కాదు. ఆ చట్టంపై న్యాయమూర్తులకే సంశయం ఉంది. హేమాజీ వాఘాజీ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సూత్రం నిజాయితీపరుడైన యజమానికి కఠినమైనదనీ, అక్రమంగా ఆక్రమించినవానికి అయాచిత లాభమనీ విమర్శించి, చట్టాన్ని పునఃపరిశీలించమని ప్రభుత్వానికి సూచించింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్పు అవసరం లేదని చెప్పడంతో చట్టం అలాగే కొనసాగుతున్నది.

ఇస్లాం ధర్మశాస్త్రం కాలపరిమితిని వేరే దృష్టితో చూస్తుంది. ఉస్మానియా సామ్రాజ్యంలో హనఫీ ఫిఖ్హ్‌ను సూత్రీకరించిన మజల్లా అనే న్యాయసంహితలో, పదిహేనేళ్ళు దాటిన సాధారణ దావాలను ఖాజీ వినకూడదన్న నియమం ఉంది. వ్యాజ్యాలకు ఒక అంతు ఉండాలి గనుక ఆ నియమం పెట్టారు. అదే సంహిత 1674వ సూత్రం, కాలం గడిచినంత మాత్రాన హక్కు నశించదని కూడా ప్రకటించింది. ఎంతకాలం గడిచినా ప్రతివాది స్వయంగా ఒప్పుకుంటే ఖాజీ ఆ హక్కును ఇప్పించవలసిందే. అంటే న్యాయస్థానం తలుపు మూసుకుపోయినా మనస్సాక్షి తలుపు తెరిచే ఉంటుంది.

ఈ భేదానికి మూలం దైవప్రవక్త (స) బోధనలోనే ఉంది. తాను కూడా మానవుడినేననీ, వాదించడంలో ఒకరు మరొకరికన్నా నేర్పరి కావచ్చుననీ, విన్నదాన్ని బట్టి తాను తీర్పు ఇస్తాననీ, ఆ తీర్పు వల్ల సోదరుని హక్కులో ఏదైనా ఒకరికి దక్కితే అది అగ్నిఖండమని గ్రహించి వదిలేయాలనీ ఆయన చెప్పినట్లు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. స్వయంగా ప్రవక్త (స) తీర్పే పరుల సొమ్మును హలాలు చేయలేనప్పుడు, పన్నెండేళ్ళ కాలపరిమితి ఏం చేయగలదు? పరుల సొమ్మును అక్రమంగా తినవద్దని, తెలిసి తెలిసి దానికోసం అధికారుల వద్దకు వ్యవహారాన్ని తీసుకుపోవద్దని అల్ బఖరా సూరా 188వ ఆయతు వారిస్తున్నది.

ఈ సందర్భంలో వక్ఫ్ ఆస్తుల మాట కూడా చెప్పాలి. మస్జిదుకో ఖబరస్తానుకో ఆనుకున్న ఇళ్ళు కొనేవారు మనలోనే ఎక్కువ. 1995 వక్ఫ్ చట్టంలోని 107వ సెక్షను వక్ఫ్ భూములకు కాలపరిమితి వర్తించకుండా కాపాడేది. 2025 సవరణ ఆ రక్షణను తొలగించింది. చట్టపు కంచె తొలగిన చోట మన భయభక్తులే కంచె కావాలి. ఖబరస్తాను నేలను రెండడుగులు కలుపుకున్న ప్రహరీ గోడ ఏ సెక్షను కింద నిలిచినా, అల్లాహ్ ముందు నిలవదు.

తప్పు పాత యజమానిదే కదా అన్న మూడవ సలహాకు కూడా సమాధానం ఇక్కడే దొరుకుతుంది. తెలియక కొన్నవారి విషయం వేరు, దాని గురించి ముందు చెబుతాము. తెలిసిన తరువాత కొన్నవారు మాత్రం, ఇతరుల సొమ్ము అని ఎరిగి దొంగసొత్తు కొన్నవారి వంటివారే. ఆ నేల మీద నమాజు మాటేమిటని మనసు బాధపడక మానదు. ఆక్రమిత స్థలంలో చేసిన నమాజు నెరవేరుతుందనీ, ఆక్రమణ పాపం మాత్రం మిగులుతుందనీ అధికశాతం ఫుఖహాలు చెప్పారు. హన్బలీ పండితులలో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం అది అసలు నెరవేరదు. ఈ చర్చకు తావివ్వని ఇంట్లో సజ్దా చేయడమే కదా మనం కోరుకునేది!

బయానా ఇవ్వకముందే

సమస్యలో సగం బయానాకు ముందే తీరుతుంది. ఇల్లు కొనదలచినవారు ఈ పనులు విధిగా చేసుకోవాలని మా మనవి.

ముందుగా లింకు దస్తావేజులన్నీ అడిగి, ప్రతి దానిలోని చెక్కుబందీని, పొడవు వెడల్పులను పక్కపక్కన పెట్టి చూడాలి. పాత దస్తావేజులో లేని గజాలు కొత్త దస్తావేజులో కనిపిస్తే అవి ఎక్కడినుండి వచ్చాయో అడగాలి. ఈసీ తీస్తే రిజిస్టరైన లావాదేవీలు తెలుస్తాయి గానీ గోడ జరిగిన సంగతి తెలియదు.

తరువాత అమ్మేవారి సమక్షంలో, ఇరుగుపొరుగులను పిలిచి కొలిపించాలి. సచివాలయం ద్వారా సర్వేయరును పిలిపించుకోవచ్చు. కొలతకు పొరుగువారిని పిలవడం మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడా. ఈ గోడ మీదేనా, ఈ మెట్ల విషయంలో మీకేమైనా అభ్యంతరం ఉందా అని వారిని నేరుగా అడగాలి. కాబోయే పొరుగువారితో మన మొదటి సంభాషణ సత్యంతో మొదలవుతుంది.

చూరు, సజ్జా, తూము, మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు, కిటికీ రెక్కలు కూడా చూడాలి. హద్దు దాటడం గోడ ఒక్కటే చేసే పని కాదు. దస్తావేజులోని విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరకపోతే సాధారణంగా హద్దులకే ప్రాధాన్యం ఇవ్వడం న్యాయస్థానాల రీతి. అందుచేత గజాల లెక్క సరిపోయిందని తృప్తిపడక హద్దుల వర్ణనను న్యాయవాదికి చూపించాలి.

అమ్మేవారి బాధ్యత ఇంతకన్నా పెద్దది. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను, తనకు తెలిసి కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో బయటపడని లోపాలను వెల్లడించడం అమ్మేవారి విధి అంటుంది. షరీఅత్ అంతకు ముందే ఈ విధిని నిర్ణయించింది. అమ్మేవారు, కొనేవారు నిజం చెప్పి లోపాలు బయటపెడితే వారి వ్యవహారంలో శుభం కలుగుతుందనీ, దాచిపెట్టి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం.

నాలుగు ధర్మబద్ధమైన మార్గాలు

కొలతలో హద్దు దాటిందని తేలితే బేరం చెడిపోయినట్లేనా? కానక్కరలేదు. పై ఉదాహరణలోని కుటుంబం ముందు నాలుగు మార్గాలున్నాయి.

మొదటిది, ఆ పది గజాలను పక్కింటి ఆమె నుండి న్యాయమైన ధరకు కొనడం. ఆ ఖర్చు అమ్మేవారు భరించడం న్యాయం. ఇష్టపడి అమ్మితేనే కొనుగోలు అవుతుంది, ఒంటరి వృద్ధురాలిని నలుగురూ చుట్టుముట్టి ఒప్పించడం ఇష్టం అనిపించుకోదు. ఆ స్థలం ఆమె భర్త పేరున ఉండి ఉంటే పిల్లల హక్కు కూడా అందులో కలిసి ఉండవచ్చు. వారందరి సంతకాలతో రిజిస్టరు చేసిన దస్తావేజు ఉండాలి. నోటిమాట, స్టాంపు కాగితం మీది ఒప్పందం చాలవు. వెనుక దొడ్డిలో అంతే నేల ఆమెకు పనికివస్తుందంటే మార్పిడి దస్తావేజు రాసుకోవచ్చు.

రెండవది, ఆ భాగాన్ని తొలగించి హద్దు సరిచేసిన తరువాతే కొనడం. వంటగది కూల్చి మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు ధరలో తగ్గించుకోవచ్చు. ధర తగ్గించుకుని గోడ మాత్రం అలాగే ఉంచడం మోసం. పొరుగువారి నష్టానికి పరిహారం అమ్మేవారి నుండి మనం తీసుకున్నట్లవుతుంది.

మూడవది, ఆ కట్టడం ఉన్నంతకాలం వాడుకోవడానికి ఆమె నుండి అద్దెకో ఉచితంగానో అనుమతి పొందడం. ఇది రాతపూర్వకంగా ఉండాలి, నేల ఆమెదేనన్న అంగీకారం అందులో ఉండాలి. పాత యజమానికి ఆమె ఏనాడో ఇచ్చిన నోటి అనుమతి కొత్త యజమానికి దానంతటదే సంక్రమించదు. ఆమె ఇల్లు అమ్మితే కొత్తగా వచ్చినవారు దానికి కట్టుబడనవసరం లేదు. కనుక ఇది తాత్కాలిక పరిష్కారమని ఎరిగి ఎంచుకోవాలి.

నాలుగవది, వీటిలో ఏదీ కుదరకపోతే ఆ ఇల్లు వదులుకోవడం. నచ్చిన ఇల్లు పోయిందని బాధ కలుగుతుంది. సందేహం వదిలి నిస్సందేహమైనదాన్ని చేపట్టమన్న ప్రవక్త (స) బోధన ఇలాంటి సమయాల కోసమే.

ఇప్పటికే కొన్నవారి మాటేమిటి?

ఎంతోమంది తెలియక కొన్నారు. కొందరికి తండ్రి తాతల నుండి సంక్రమించింది. వారిని ధర్మం గోడ కింద నలిపివేయదు.

అమ్మిన వస్తువులో కొంత పరులదని తేలితే దాన్ని ఫిఖ్హ్‌లో ఇస్తిహ్‌ఖాఖ్ అంటారు. ఆ భాగానికి చెల్లించిన సొమ్ము అమ్మినవారి నుండి తిరిగి పొందే హక్కు కొన్నవారికి ఉంటుంది. కట్టడం విషయంలో మజల్లా 906వ సూత్రం చక్కని మార్గం చూపింది. పరుల నేల మీద కట్టినవారు దాన్ని తొలగించి నేల అప్పగించాలన్నది సాధారణ నియమం. తొలగిస్తే నేలకు నష్టమయితే, కూల్చిన కట్టడానికి ఉండే విలువ చెల్లించి నేల యజమాని దాన్ని ఉంచుకోవచ్చు. నేల తనదేనన్న ధర్మబద్ధమైన నమ్మకంతో కట్టి ఉండి, కట్టడం విలువ నేల విలువకన్నా ఎక్కువయితే, కట్టినవారు నేల ధర చెల్లించి దాన్ని సొంతం చేసుకోవచ్చు.

మన దేశ చట్టం కూడా దాదాపు ఇదే దారిలో నడిచింది. తన హక్కు సరైనదని చిత్తశుద్ధితో నమ్మి నేలను మెరుగుపరచినవారిని ఖాళీ చేయించదలచిన యజమాని, ఆ మెరుగుదల విలువ చెల్లించాలనీ, లేదా తన హక్కును మార్కెట్టు ధరకు వారికి అమ్మాలనీ ఆస్తి బదిలీ చట్టం 51వ సెక్షను చెబుతుంది. రెండు చట్టాల్లోనూ ఊరట దొరికేది నమ్మి మోసపోయినవారికే. తెలిసి మౌనంగా ఉన్నవారికి రెండింటిలోనూ చోటు లేదు. కాబట్టి నిజం తెలిసిన రోజే పొరుగువారి తలుపు తట్టాలి. ఆలస్యం చేసిన కొద్దీ మన చిత్తశుద్ధి కరిగిపోతుంది. ఎవరి పరిస్థితిలో ఏది వర్తిస్తుందో నమ్మకమైన ముఫ్తీని, న్యాయవాదిని అడిగి తేల్చుకోవాలి.

తండ్రి చేసిన ఆక్రమణ కుమారులకు వారసత్వం కాదు. పంచుకోవలసిన ఆస్తి లెక్కలో ముందు తీర్చవలసినవి మృతుని అప్పులు. పక్కవారి రెండడుగులు కూడా అలాంటి అప్పే. దాన్ని తీర్చడం తండ్రికి చేసే గొప్ప సేవ.

ఈ అప్పు తీర్చుకోవడానికి ఇది అనువైన కాలం. గ్రామాల్లోని నివాస ప్రాంతాలను డ్రోన్లతో కొలిచి ఇంటి హక్కు పత్రాలు ఇచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. రాష్ట్రంలో భూముల రీసర్వే అప్పటి కృష్ణా జిల్లాలోని జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో 2020 డిసెంబరు 21న మొదలైంది. డ్రోను గోడను చూస్తుంది, ఆ గోడ ఎవరి నేల మీద ఉందో దానికి తెలియదు. ఆ రోజు వీధిలో నిలబడి మనం చూపించిన హద్దే రికార్డులోకి ఎక్కుతుంది. సర్వే సిబ్బంది ముందు మనం చెప్పే మాట ఒక సాక్ష్యం. పక్కింటివారు ఊళ్ళో లేని రోజున హద్దు చూపించేవారు ఈ సంగతి మరువరాదు.

పొరుగుతనం రెండు వైపులా

అన్ నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ దగ్గరి పొరుగువారితో పాటు పరాయి పొరుగువారి పట్ల కూడా సత్ప్రవర్తనను ఆదేశించాడు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తన ఇంట మేకను కోసిన రోజున, యూదుడైన పొరుగువారికి పంపారా లేదా అని ఇంటివారిని పదేపదే అడిగారు. మాంసం పంపవలసిన పొరుగువారి నేలను ఉంచుకోవడం ఎలా కుదురుతుంది?

మన నేలలోకి పక్కవారి చూరు వచ్చినప్పుడు కూడా ధర్మం మనతో మాట్లాడుతుంది. పొరుగువారు మన గోడకు దూలం ఆనించుకుంటామంటే అడ్డుకోరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఆ మాటను వినడానికి ఇష్టపడని జనాన్ని హజ్రత్ అబూహురైరా (రజి) గట్టిగా మందలించారు. ఎదుటివారి హక్కు దగ్గర కఠినంగా, మన హక్కు దగ్గర మెత్తగా ఉండడమే ఇస్లామీయ పొరుగుతనం.

ఇల్లు అమ్మేటప్పుడు పొరుగువారిని ముందు అడగడం మరో సంప్రదాయం. షుఫా అనే ఈ ప్రథమ కొనుగోలు హక్కును పూర్వపు మద్రాసు ప్రెసిడెన్సీ న్యాయస్థానం 1870లోనే ముస్లింలకు వర్తింపజేయ నిరాకరించింది. పొరుగుతనం మాత్రమే ఆధారమైన షుఫా రాజ్యాంగవిరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయస్థానం బలవంతపెట్టకపోయినా సౌజన్యంగా దాన్ని పాటించకుండా ఎవరూ ఆపలేదు. ప్రవక్త (స) విముక్తి చేసిన హజ్రత్ అబూ రాఫె (రజి) తన రెండు గదులను అమ్మదలచి, ఆ ఆవరణలోనే ఉన్న హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) వద్దకు వెళ్ళారు. సఅద్ (రజి) నాలుగు వేలకు మించి, అదీ వాయిదాల మీద తప్ప ఇవ్వనన్నారు. వేరేవారు అయిదు వందల దీనార్లు రొక్కం ఇస్తామన్నా, అది ఎక్కువ మొత్తమే అయినా, సామీప్యం వల్ల పొరుగువారికే ఎక్కువ హక్కు ఉందన్న ప్రవక్త (స) మాట విని ఉన్నందున అబూ రాఫె (రజి) సఅద్‌కే అమ్మారు. మన ఊళ్ళలో ఒకరి ఇంటిలోకి మరొకరి గోడ చొచ్చుకుపోయిన చోట్ల, ఈ ఒక్క ఆదర్శం పాటిస్తే ఎన్నో చిక్కులు వాటంతటవే విడిపోతాయి. రెండడుగుల సమస్య ఉన్న ఇంటిని కొనడానికి అన్నిటికన్నా అర్హులు ఆ రెండడుగుల యజమానులే కదా!

గోడలు మనకన్నా ఎక్కువకాలం నిలుస్తాయి. మనం పోయిన తరువాత మన పిల్లలు ఆ గోడకు ఆనుకుని పడుకుంటారు. పక్కింటివారి పిల్లలు దాన్ని అవతలి వైపు నుండి చూస్తారు. వారి చూపులో మన పట్ల ప్రార్థన ఉండాలా, ఫిర్యాదు ఉండాలా అన్నది ఈనాడు బయానా ఇచ్చే ముందు మనం వేయించే కొలతలో తేలుతుంది.

కారుణ్యమూర్తి అయిన అల్లాహ్ మన ఇళ్ళను హలాలు సంపాదనతో, హలాలు నేలపై నిలుపుగాక! మన పొరుగువారి హక్కులు తీర్చే శక్తిని, పరలోకంలో లెక్కకు భయపడే హృదయాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.